పిల్లల ప్రాజెక్టులో తల్లిదండ్రుల చెయ్యి ఎంతవరకు ఉండాలి?

ప్రశ్న (మూడో తరగతి పాప తల్లి):

అందరికీ నమస్కారం. పోయిన నెల మా పాపను బడిలో సౌరకుటుంబం నమూనా చేసుకురమ్మన్నారు. వారం రోజులు గడువిచ్చినా మేము చివరి రోజు సాయంత్రం దాకా మొదలుపెట్టలేదు. దాంతో థర్మాకోల్ బంతులకు రంగులు వేయడం, తీగలు గుచ్చడం, పేర్లు రాసి అంటించడం అన్నీ రాత్రి 11 గంటల దాకా కూర్చుని నేనే చేశాను. పాప కాసేపు బ్రష్షులు కడిగి ఇచ్చి నిద్రపోయింది. నమూనాకు మంచి మార్కులే వచ్చాయి. అయితే టీచరు గురుగ్రహాన్ని చూపించి "దీన్ని ఇంత పెద్దగా ఎందుకు చేశావమ్మా?" అని అడిగితే, "అమ్మ దగ్గర ఆ బంతే మిగిలింది" అని చెప్పిందట. ఇంటికి వచ్చి తనే నాకు ఆ సంగతి చెప్పింది. పాప చెప్పింది నిజమే. అప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

ఇప్పుడు "గింజ మొక్కగా ఎలా మారుతుంది" అనే ప్రాజెక్టు ఇచ్చారు. గడువు 3 వారాలు. ఉద్యోగం నుంచి వచ్చాక నాకు రోజుకు అరగంటకు మించి వీలు కాదు. పూర్తిగా వదిలేస్తే పాప మధ్యలోనే వదిలేస్తుందేమోనని, పట్టించుకుంటే మళ్లీ నేనే చేసేస్తానేమోనని భయంగా ఉంది. ఎంతవరకు సాయం చేయాలో, ఎక్కడ ఆగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు):

అమ్మా, మీ పాప టీచరుకు ఉన్నదున్నట్టు చెప్పింది, మీకూ వచ్చి చెప్పింది. మీ ఇద్దరి మధ్య అంత చనువు ఉన్నందుకు ముందుగా సంతోషించండి.

ఎన్నో ఏళ్లుగా పిల్లల ప్రాజెక్టులు చూస్తున్నదాన్ని కాబట్టి ఒక మాట చెబుతాను. పెద్దవాళ్ల చెయ్యి పడిన చోటు మాకు ఇట్టే తెలిసిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల కత్తెర పట్టుకుని గుండ్రంగా కత్తిరిస్తే అంచు కోణాలు కోణాలుగా వస్తుంది, గమ్ కాగితం బయటికి ఉబుకుతుంది, పేరు రాస్తుంటే చోటు చాలక చివరి అక్షరాలు ఇరుక్కుపోతాయి. ఇవేవీ లేని చార్టు బల్ల మీదికి వస్తే, దాన్ని పక్కన పెట్టి పిల్లతో మాట్లాడితే తప్ప ఆమెకు ఏం తెలుసో, ఏం తెలియదో నాకు అర్థం కాదు. వంకర అంచులున్న చార్టును చూస్తే మాత్రం, మరుసటి రోజు ఆ పిల్లకు ఏం నేర్పాలో నాకు వెంటనే తెలుస్తుంది.

సాయం చేయవద్దని నేను అనడం లేదు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే పరిశోధకులు, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు చెక్క దిమ్మెలతో పిరమిడ్ కడుతున్నప్పుడు పక్కనున్న పెద్దవాళ్ల తోడ్పాటు ఎలా ఉంటుందో గమనించి, దానికి కట్టడాల దగ్గర వేసే పరంజా అనే పేరు పెట్టారు. పిల్లలకు అందని పనిని మాత్రమే పెద్దలు చేతిలోకి తీసుకుని, అందిన కొద్దీ వెనక్కి తగ్గాలన్నది అందులోని సారం. మీ విషయంలో పాపకు అందనిది మొక్కను చూడడం కాదు, 3 వారాల కాలాన్ని ముందే ఊహించుకోవడం. ఆ వయసు పిల్లలకు "వచ్చే నెల" అన్నది చాలా దూరపు మాట. కాబట్టి మొదటి రోజు అరగంటను క్యాలెండరుకే కేటాయించండి. ఇవ్వవలసిన తేదీకి పాపనే గుండ్రం చుట్టమని, అక్కడి నుంచి వెనక్కి వస్తూ ఏ రోజు ఏం జరగాలో మాట్లాడుకోండి. పోయినసారి మీకు లేకపోయింది ఇదొక్కటే.

ఇక పని విషయానికి వస్తే, నాలుగు చిక్కుడు గింజలను రాత్రంతా నానబెట్టి, గాజు గ్లాసు లోపలి అంచు వెంబడి తడి టిష్యూ కాగితానికీ గాజుకూ మధ్య బయటికి కనిపించేలా పెట్టండి. ఒక్కొక్క గింజను ఒక్కో దిక్కుకు తిప్పి, ఒకదాన్ని తలకిందులుగా ఉంచండి. వెచ్చగా ఉంటే సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో వేరు బయటికి వస్తుంది. అది పైకి వస్తుందో, కిందికి పోతుందో ముందుగా పాప ఊహించి రాయాలి. గింజను ఎటు తిప్పి పెట్టినా వేరు వంపు తిరిగి నేల వైపే దిగుతుంది. వేరు కొనలోని కొన్ని కణాల్లో ఉండే పిండి రేణువులు బరువుకు అడుగున చేరడం వల్ల కింది వైపు ఎటో మొక్కకు తెలుస్తుంది. అయితే దయచేసి ఈ సంగతి ముందే చెప్పకండి.

అడిగిన తర్వాత ఆగడం కూడా ఒక పనేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల సంభాషణలను పరిశీలించి, ప్రశ్న వేశాక టీచర్లు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని, జవాబే రాకపోవడం తగ్గుతోందని గుర్తించారు. అది చదివాక నేను బల్ల కింద వేళ్లు ముడుస్తూ మూడు లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఆ మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని భరించడం కష్టంగానే ఉండేది. ఇంట్లోనూ అంతే. "ఈ రోజు ఏం మారింది?" అని అడిగి, మీరే జవాబు అందించకుండా ఆగండి.

మరొక్క విషయం. కొన్నేళ్ల క్రితం ఒక బాబు పరిశీలన పుస్తకంలో అయిదో రోజు "గింజ మెత్తబడింది, వాసన వస్తోంది" అని, ఆరో రోజు "గింజ బాగుంది, మొలక 4 సెంటీమీటర్లు" అని ఉంది. పిల్లవాడు బాధపడతాడని తండ్రి రాత్రికి రాత్రి గింజ మార్చేశారు. ఆ ప్రేమ నాకు అర్థమైంది. అయితే కుళ్లిన గింజకు మొలకెత్తగల శక్తి వస్తుందని ఆ బాబు నమ్మాడు, ఆ నమ్మకాన్ని మాన్పించడానికి నాకు వారం పట్టింది. మీ గింజ కుళ్లితే కుళ్లిందనే రాయనివ్వండి.

జవాబు 2 (రెండో తరగతి బాబు తండ్రి):

టీచరు గారు చెప్పినదాన్ని గౌరవిస్తూనే, మా అనుభవం కొంత వేరని చెప్పాలి. మా బాబుకు పెన్సిల్ పట్టు ఇంకా కుదరలేదు. చెట్ల ఆకుల ప్రాజెక్టును వాడినే చేసుకోనిచ్చి పంపించాను. గోడ మీద అందరి చార్టుల మధ్య తన చార్టును చూసి, ఇంటికి వచ్చి మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చాడు. మిగతా ఇళ్లలో పెద్దవాళ్లే చేసి పంపుతుంటే, చెయ్యి వెనక్కి తీసుకున్న ఇంటి పిల్లవాడు ఒక్కడే తక్కువవాడినని అనుకుంటాడు. ఈ సంగతిని బడులు కూడా ఆలోచించాలి.

ఆ తర్వాత నేను వాడి టీచరును కలిసి, ఈ ప్రాజెక్టులో మీరు చూసేది చేతిరాతనా, లేక ఆకుల మధ్య తేడాలు చెప్పగలగడమా అని నేరుగా అడిగాను. తేడాలే ముఖ్యమని ఆమె చెప్పారు. అప్పటి నుంచి బాబు చెబుతుంటే ఒక్క మాట కూడా దిద్దకుండా నేను రాస్తున్నాను, కింద "మాటలు బాబువి, రాత నాన్నది" అని ఇద్దరం సంతకం పెడుతున్నాం. "ఈ ఆకు అంచు రంపంలా ఉంది, ఆ ఆకు అంచు నాలుకలా ఉంది" అన్నది వాడి వాక్యమే. నేను రాసి ఉంటే అంత చక్కగా వచ్చేది కాదు. చేతిరాతకు మాత్రం విడిగా రోజుకు పది నిమిషాలు కేటాయించాం, దాన్ని ప్రాజెక్టుతో కలపడం లేదు. కాబట్టి, అమ్మా, మీరు కూడా దేనికి మార్కులు వేస్తారో ముందుగా అడిగి తెలుసుకుంటే ఎక్కడ ఆగాలో సగం తేలిపోతుంది.

జవాబు 3 (మనవరాలి చదువు చూసుకునే తాతగారు):

నేను పెద్దగా చదువుకోలేదు. మనవరాలి పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కనుక మొదట్లో దూరంగా ఉండేవాడిని. ఇప్పుడు రోజూ బడిలో విన్న సంగతిని తెలుగులో నాకు అర్థమయ్యేలా చెప్పమంటున్నాను. ఎక్కడ తడబడుతుందో అక్కడే తనకూ సరిగా అర్థం కాలేదని ఇద్దరికీ తెలుస్తుంది, మరుసటి రోజు బడిలో అడిగి వస్తుంది. మొన్న పెరట్లో ఒక కర్ర పాతి, గంటకోసారి నీడ చివర గులకరాయి పెట్టింది. మధ్యాహ్నానికి నీడ పొట్టిదై మళ్లీ ఎందుకు సాగిందని అడిగితే, "నాకూ తెలియదు, రేపు కూడా చూద్దాం" అన్నాను. తెలియదని చెప్పడానికి పెద్దవాళ్లు మొహమాటపడనవసరం లేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగిన తల్లి (పది రోజుల తర్వాత):

అందరికీ కృతజ్ఞతలు. క్యాలెండరు మీద పాపే గుండ్రాలు చుట్టింది. టీచరును అడిగితే, రోజువారీ పరిశీలన పుస్తకమే ముఖ్యమని, చార్టు ఎలా ఉన్నా ఫరవాలేదని చెప్పారు. నాలుగు గింజల్లో ఒకటి నిజంగానే కుళ్లిపోయింది. నా చెయ్యి ఇంకో గింజ కోసం డబ్బా మీదికి వెళ్లిన మాట వాస్తవం, అయితే ఆగాను. "మూడో గింజ చచ్చిపోయింది, దానికి నీళ్లు ఎక్కువయ్యాయి అనుకుంటున్నాను" అని పాప రాసుకుంది. తలకిందులుగా పెట్టిన గింజ వేరు కొక్కెంలా వంగి కిందికి దిగింది. స్కేలు పెట్టి కొలిస్తే 3 సెంటీమీటర్లు ఉంది.

పాత సౌరకుటుంబం సంగతి కూడా మిగిలిపోయిందని ఒక ఆదివారం మళ్లీ దాన్ని తీశాం. ఈసారి రంగులు లేవు, 1 సెంటీమీటరు పూస ఒకటి, స్కేలు ఒకటి. ఆ పూస భూమి అయితే చంద్రుడు పావు సెంటీమీటరు పైచిలుకు ఉండి, సరిగ్గా స్కేలంత దూరంలో, అంటే 30 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. గురుగ్రహం 11 సెంటీమీటర్లు. సూర్యుడికి మీటరు పైన వెడల్పు కావాలి, పైగా దాన్ని దాదాపు 117 మీటర్ల దూరంలో పెట్టాలి. వీధి చివరి దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచి, అక్కడి నుంచి చేతులు చాపి "సూర్యుడు ఇంత" అని పాప అరిచింది. పూస నా అరచేతిలో ఉంది. గురుగ్రహం ఎందుకు పెద్దదని ఇప్పుడు ఎవరూ అడగలేదు, తనే దారి పొడవునా చెబుతూ వచ్చింది.

గింజల దగ్గర నిన్న కొత్త ప్రశ్న ఒకటి వచ్చింది. వేరుకు వెలుతురు అక్కర్లేకపోతే, చీకట్లో పెట్టినా కిందికే వెళ్తుందా, కాండం ఎటు వెళ్తుంది అని అడిగింది. మూడు లెక్కపెట్టే లోపే తను లేచి ఇంకో గ్లాసు తెచ్చుకుంది. ఇప్పుడు ఆ గ్లాసు బీరువాలో ఉంది, తలుపు మీద "శనివారం వరకు తెరవకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. చివరి రెండు అక్షరాలకు చోటు చాలలేదు.