బహిరంగ పోటీలతో గ్రాంట్లు ఇస్తే చిన్న సంఘాలకు నిజంగా దారి దొరుకుతుందా?

నల్లకుంట నివాసి (చర్చ ప్రారంభం)

నేను నగరంలోని ఒక చిన్న కుటుంబ ట్రస్టులో గ్రాంట్ల వ్యవహారాలు చూస్తున్నాను. ట్రస్టీలకు పరిచయం ఉన్న సంస్థలను పిలిపించుకొని, వారి చేత ప్రతిపాదన రాయించుకొని నిధులు ఇవ్వడం ఇంతకాలం మా పద్ధతి. డబ్బు ఎక్కడా దారి తప్పలేదు, కానీ ఏటా అవే నాలుగైదు సంస్థలు వస్తున్నాయి. వచ్చే ఏడాది నిధుల్లో సగభాగాన్ని బహిరంగ పోటీ ద్వారా ఇద్దామని, అంటే సమస్యను మనం ప్రకటించి, పరిష్కారాన్ని ఎవరైనా పంపవచ్చని చెబుదామని ఒక ట్రస్టీ సూచించారు.

ఎంచుకున్న సమస్య వేసవిలో రేకుల ఇళ్ల వేడి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల (ఎండ వేడిని తిప్పికొట్టే పూతలు, పలకలు వేసిన కప్పుల) విధానాన్ని ప్రకటించింది. నివాస గృహాల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే అది తప్పనిసరి, అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. బస్తీల్లోని రేకుల ఇళ్లన్నీ ఈ రెండో కోవలోకే వస్తాయి కనుక ఇక్కడ చిన్న ట్రస్టుకు చేయదగిన పని ఉందని మేము భావించాము. బహిరంగ పోటీ పెడితే మాకు తెలియనివారు నిజంగా ముందుకు వస్తారా, లేక దరఖాస్తులు బాగా రాయగలవారే మళ్లీ గెలుస్తారా అన్నది నా ప్రశ్న. నా మొగ్గు పోటీ వైపే ఉంది, అయినా అనుభవం ఉన్నవారి అభ్యంతరాలు విన్న తరువాతే ట్రస్టీలకు నోట్ పెట్టాలనుకుంటున్నాను.

రాయదుర్గం ఇంజనీరు

పోటీకే నా మద్దతు. పిలిచి ఇచ్చే పద్ధతిలో మనకు తెలియనివారు ఎప్పటికీ తెలియనివారుగానే ఉండిపోతారు. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో కనుక్కునే పద్ధతికి 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల వరకు బహుమతి ప్రకటించింది. సమాధానం ఖగోళ శాస్త్రం నుంచే వస్తుందని పండితులు నమ్మారు, కానీ రేఖాంశం లెక్కకు పనికొచ్చేలా, సముద్రపు కుదుపులకు తట్టుకొని సరైన సమయం చూపే గడియారాన్ని తయారు చేసినవాడు జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు. మన దగ్గర చింతకింది మల్లేశం గారిని చూడండి. చిన్నతనంలోనే బడి మానేసిన ఆ చేనేత కుటుంబపు మనిషి, పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చడానికి) వేలసార్లు చేయి ఆడించి తల్లి పడుతున్న భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రాన్ని తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 1990లలో ఏ ట్రస్టు ఆహ్వానాల జాబితాలోనైనా ఆయన పేరు ఉండే అవకాశం ఉందా?

దరఖాస్తు భారం తగ్గించడం కూడా మన చేతిలో పనే. గేట్స్ ఫౌండేషన్ 2008లో గ్రాండ్ చాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్ అనే గ్రాంట్ల పోటీ మొదలుపెట్టినప్పుడు రెండు పేజీల దరఖాస్తే అడిగింది, ముందస్తు ప్రయోగ ఫలితాలు ఉండాలని పట్టుబట్టలేదు. ఎంపికైన ఆలోచనకు తొలి విడతగా లక్ష డాలర్లు, అది ఫలించేలా కనిపిస్తే మలివిడతలో పది లక్షల డాలర్ల వరకు ఇచ్చింది. మన స్థాయికి అంకెలు మారతాయి, అంతే.

సంగారెడ్డి సంఘమిత్ర

ఇంజనీరు గారు చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ పోటీ చేసిన మేలు ఎంతో విడదీసి చూడాలి. మల్లేశం గారిని కదిలించింది తల్లి బాధే గానీ ఎవరో వేసిన పోటీ ప్రకటన కాదు. ఆయన ప్రయోగాలు చేసిన ఏళ్లలో కొరవడింది చేతిలో డబ్బు. ఇక హారిసన్ దశాబ్దాల పాటు పని సాగించగలిగాడంటే దానికి ఆసరా 1737 నుంచి ఆ బహుమతి వ్యవహారం చూసే రేఖాంశ మండలి విడతలుగా ఇస్తూ వచ్చిన సొమ్ము. తీర్పు చెప్పేచోట ఖగోళ పద్ధతి వైపు మొగ్గినవారు కూర్చున్నందువల్ల అసలు బహుమతి ఆయనకు పూర్తిగా దక్కనేలేదు. 1773లో పార్లమెంటు నేరుగా కలగజేసుకొని 8,750 పౌండ్లు ఇప్పించేనాటికి ఆయనకు 80 ఏళ్లు. పోటీలో ఎవరైనా పాల్గొనవచ్చని ప్రకటించినంత మాత్రాన తీర్పరుల మనసులు మారవని ఆ కథే చెబుతోంది.

ఈ కాలపు ఉదాహరణ కూడా చూద్దాం. అమెరికాలోని మెకార్థర్ ఫౌండేషన్ 2016లో, ఏ సమస్య మీదనైనా సరే, ఒకే ఒక్క ప్రతిపాదనకు పది కోట్ల డాలర్లు ఇస్తామని బహిరంగ పోటీ పెట్టింది. 1,904 ప్రతిపాదనలు వచ్చాయి. తొలి వడపోత దాటి తీర్పరుల దగ్గరికి చేరినవి 801, ఆపైన ఎనిమిది, నాలుగు, చివరికి ఒకటి. యుద్ధం వల్ల ఇల్లూ ఊరూ వదిలిన పశ్చిమాసియా పిల్లల చదువు కోసం పిల్లల టీవీ కార్యక్రమాలు తీసే సెసమీ వర్క్‌షాప్, శరణార్థులకు సాయపడే ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ కలిసి పెట్టిన ప్రతిపాదన గెలిచింది. ఆ పని ఎంతో అవసరమైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ రెండు సంస్థలూ లోకమంతా ఎరిగినవే. తక్కిన పందొమ్మిది వందల చోట్ల ఎందరు ఎన్ని వారాలు కూర్చొని రాశారో, ఆ శ్రమ విలువ ఎంతో ఎవరూ లెక్కకట్టలేదు.

మా చిన్న సంస్థ కూడా ఒక దాత పెట్టిన పోటీకి దరఖాస్తు చేసింది. ఫారం ఇంగ్లీషులో ఉంది, మూడు నిమిషాల వీడియో అడిగారు, మేము చేసే పనికీ రాబోయే మార్పుకూ సంబంధం చూపే పటం గీయమన్నారు, బడ్జెట్ వారి నమూనాలోనే నింపమన్నారు. సరిగ్గా విత్తనాల పంపిణీ సమయంలో ఇద్దరు కార్యకర్తలు ఊళ్లు తిరగడం మానేసి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఎంపిక కాలేదన్న జవాబు కూడా రాలేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలు కాపాడినందుకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్నాయి. సంస్థ మొదలైనది 1983లో. ఆ మధ్య కాలమంతా పని నడిచింది ఓపికగా, ఏళ్ల తరబడి అందిన మద్దతుతోనే. కాబట్టి పిలిచి ఇవ్వడం తప్పని నేను అనను. పిలిచేవారు ఊళ్లు తిరగకపోవడమే తప్పు.

చార్మినార్ పడమర

మా సంఘంలో ఇంటి దగ్గరే లక్క గాజులు చేసే ఆడవాళ్లు ఎక్కువ. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరూ సంతోషించారు, కానీ ఆ గాజు తయారయ్యే గది ఎలా ఉంటుందో చూసినవారు తక్కువ. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, మళ్లీ వేడి చూపించి రాళ్లను ఒక్కొక్కటిగా అద్దాలి. ఫ్యాను వేస్తే బూడిద ఎగిరి లక్క మీద పడుతుంది, రాయి అద్దేలోపే లక్క గట్టిపడుతుంది. అందువల్ల మే నెలలో కూడా ఫ్యాను ఆపి, తలుపు ఓరగా వేసుకొని పని చేస్తారు. పైకప్పు రేకులకు తెల్లరంగు వేస్తే కొంత మేలు జరుగుతుందని నేనూ ఒప్పుకుంటాను, అయితే ఆ గదిలో వేడి నెత్తి మీది నుంచే కాక ఒళ్లో పెట్టుకున్నట్టున్న కుంపటి నుంచీ వస్తోంది. పైగా చాలావరకు అద్దె ఇళ్లు. రంగు వేయించాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి, వేయించిన తరువాత అద్దె పెంచడని హామీ లేదు.

‘రేకుల పైకప్పును చల్లబరచండి’ అని ప్రకటన ఇస్తే మీకు వంద రకాల పూతలు, పలకలు వస్తాయి. ‘కుంపటి ముందు కూర్చొని పని చేసే మనిషికి వేసవిలో ఊరట ఎలా?’ అని అడిగితే పొగగొట్టం గురించి, గల్లీలో నలుగురూ కలిసి కూర్చొని పని చేసుకునే పందిరి గురించి, అద్దె ఒప్పందం గురించి మాట్లాడేవారు వస్తారు. నా దృష్టిలో అసలు నిర్ణయం ప్రకటన రాసేనాడే జరిగిపోతుంది. ఇంకొక మాట: దరఖాస్తు తెలుగులో పెట్టడం మంచిదే, కానీ మా గల్లీల్లో ఇంటి భాష ఉర్దూ. అది మాట్లాడేవారిలో రాయలేనివారు చాలామంది ఉన్నారు. ఫోనులో మాట రికార్డు చేసి పంపడం మాత్రం అందరికీ వచ్చు.

పద్దుల మనిషి

నేను స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూస్తాను కనుక చట్టం సంగతి మాత్రమే చెబుతాను. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద కంపెనీలు ఇచ్చే సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులైతే, వాటిని అమలు చేసే బయటి సంస్థకు ఆదాయపు పన్ను శాఖ వద్ద 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 నమోదు కూడా తప్పనిసరి. విదేశీ విరాళాలైతే, వాటిని అందుకున్న సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ నిషేధించింది. అంటే గాజుల సంఘం లాంటి రిజిస్ట్రేషన్ లేని బృందం పోటీలో గెలిచినా, ఈ రెండు రకాల డబ్బులోనూ దాని చేతికి నేరుగా వచ్చేది ఏమీ ఉండదు. కాబట్టి పోటీ సొమ్మును కుటుంబ నిధి నుంచే కేటాయించండి. బృందానికి రిజిస్ట్రేషన్ లేకపోతే సామగ్రి, కూలి ఖర్చులను ట్రస్టే నేరుగా చెల్లించేలా ఏర్పాటు చేసుకోండి. ఈ సంగతి ప్రకటనలోనే స్పష్టంగా రాయండి. గెలిచిన తరువాత కాగితాలు లేవని వెనక్కి పంపడం కన్నా అన్యాయం ఉండదు.

రాయదుర్గం ఇంజనీరు

చార్మినార్ పడమర గారి మాట నా ఆలోచనను మార్చింది. సమస్యను ఇంజనీర్లు నిర్వచిస్తే ఇంజనీర్లకు తెలిసిన జవాబులే వస్తాయి, ఆ మాట ఒప్పుకుంటాను. సంఘమిత్ర గారి వాదనలో మాత్రం ఒక చోట ఆగాలి. ఊళ్లు తిరిగి వెతకడం ఉత్తమమే, పల్లె సృజన వారు గ్రామీణ ఆవిష్కర్తల కోసం చిన్న శోధయాత్రల పేరుతో అదే పని చేస్తున్నారు. కానీ ఇద్దరే ఉద్యోగులున్న ట్రస్టు నగరంలోని ఎన్ని బస్తీలు తిరగగలదు? తిరిగినవారు కూడా తమ కంటికి ఆనినవారినే ఎంచుకుంటారు, ఎందుకు ఎంచుకున్నారో ఎవరికీ చెప్పనక్కరలేదు. పోటీలో కనీసం ప్రమాణాలు ముందే ప్రకటించాలి, నిర్ణయానికి కారణం చెప్పాలి. ఓడినవారి శ్రమ వృథా కాకుండా చూసే మార్గం కూడా ఉంది. మెకార్థర్ ఫౌండేషన్ తుది వరుసలోని మిగిలిన మూడు ప్రతిపాదనలకు ఒక్కొక్కదానికి కోటిన్నర డాలర్లు ఇచ్చింది. దాని అనుబంధంగా 2019లో ఏర్పడిన లీవర్ ఫర్ చేంజ్, పోటీల్లో మంచి మార్కులు పొందిన ప్రతిపాదనలను ఇతర దాతల ముందు పెడుతోంది.

తార్నాక పరిశోధకురాలు

తీర్పు ఎవరు చెప్పాలన్న దాని గురించి రెండు నమూనాలు ప్రస్తావిస్తాను. యువ స్త్రీవాద బృందాలకు నిధులిచ్చే ఫ్రిడా అనే సంస్థలో దరఖాస్తు చేసుకున్న బృందాలే ఒకరి ప్రతిపాదనలు ఒకరు చదివి ఓటు వేసే పద్ధతి నడిచింది. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లో కొన్ని గ్రాంట్ల విషయంలో, కనీస ప్రమాణాలు అందుకున్న ప్రతిపాదనలను వేరుచేసి, వాటిలో నుంచి చీటీలు తీసినట్టుగా యాదృచ్ఛికంగా ఎంపిక చేసే పద్ధతిని మొదలుపెట్టింది. రెండోది విని చాలామంది నొచ్చుకుంటారు. కానీ నాణ్యతలో పెద్ద తేడా లేని ఇరవై ప్రతిపాదనల్లో ఐదింటిని ఎంచవలసి వచ్చినప్పుడు, తీర్పరులు సూక్ష్మమైన మార్కుల పేరుతో చేసేది చాలాసార్లు తమకు అలవాటైన భాషను, అలవాటైన మనుషులను ఎంచుకోవడమే. చీటీలో ఆ పక్షపాతానికి తావు ఉండదు, ఓడినవారికి తమ పని తక్కువదన్న అవమానమూ ఉండదు.

సంగారెడ్డి సంఘమిత్ర

చీటీల పద్ధతికి నా అభ్యంతరం లేదు. ఒకరికొకరు ఓటు వేసుకోవడం గురించి మాత్రం జాగ్రత్త అవసరం. ఒకే బస్తీలో రెండు సంఘాలు ఉంటే, వాటి వెనుక ఇద్దరు నాయకులు ఉంటే, ఆ ఓటు పని మీద పడదు. తరువాత ఏళ్ల తరబడి మిగిలే పగను ట్రస్టు వచ్చి తీర్చదు.

చార్మినార్ పడమర

ఆ భయం నిజమే. అందుకే ఒక ప్రాంతం ప్రతిపాదనలను మరొక ప్రాంతంవారు చదివితే మేలు. మా గాజుల ఆడవాళ్లు అంబర్‌పేట వైపు నుంచి వచ్చిన ప్రతిపాదన వింటారు, వారు మాది వింటారు. వినడానికి కూర్చున్న రోజుకు ఆనాటి కూలి ఇవ్వాలి. ఒక రోజు పని పోతే ఆ రోజు గాజులూ పోయినట్టే.

నల్లకుంట నివాసి

ఈ చర్చ ఆధారంగా నోట్‌ను తిరిగి రాశాను. పోటీ ఉండాలనే సిఫారసు చేస్తున్నాను, కానీ ప్రకటన వెలువడే ముందు మేము వేర్వేరు బస్తీల్లో కూర్చొని సమస్యను అక్కడివారి మాటల్లో రాయించుకుంటాము, ‘పైకప్పు’ అన్న మాట ప్రకటనలో ఉండాలా వద్దా అన్నది కూడా వారే తేలుస్తారు. తొలి విడతకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో ఏ భాషలోనైనా ఐదు నిమిషాల మాట పంపితే చాలు, దానిని కాగితం మీద పెట్టే పని ట్రస్టుదే. మలివిడతకు పిలిచిన ప్రతి బృందానికి, గెలిచినా గెలవకపోయినా, వివరమైన ప్రతిపాదన తయారీ ఖర్చు చెల్లిస్తాము. తీర్పరుల్లో సగం మంది ఇలాంటి ఇళ్లలో ఉంటూ పని చేసుకునేవారే, అయితే తమ ప్రాంతం నుంచి వచ్చినది చదవరు. కనీస ప్రమాణాలు అందుకున్న ప్రతిపాదనలు నిధులకు మించి ఉంటే చీటీ తీస్తాము. సొమ్ము కుటుంబ నిధి నుంచే. మిగిలిన సగం నిధులు పాత పద్ధతిలోనే, ఇప్పటికే పని చేస్తున్న సంస్థలకు ఏడాది చొప్పున కాక మూడేళ్లకు ఒకేసారి మంజూరు చేయాలని కోరుతున్నాను.

చీటీల అంశం మీద ఇద్దరు ట్రస్టీలు అడ్డుపడతారని నాకు ముందే తెలుసు. తార్నాక పరిశోధకురాలు గారు న్యూజిలాండ్ పద్ధతిని ఒక పేజీలో తెలుగులో రాసి ఇవ్వగలిగితే దానిని నోట్‌కు జతచేస్తాను. తయారీ ఖర్చుగా ఒక్కో బృందానికి ఎంత ఇస్తే సరిపోతుందో చార్మినార్ పడమర గారు, సంఘమిత్ర గారు తమ లెక్క చెప్పాలి, ఎందుకంటే ఆ గడిని నేను ఇంకా ఖాళీగానే ఉంచాను.