వేసవిలో డాబా మీద టమాటా పూత రాలడం, కొత్తిమీర త్వరగా పూతకు రావడం

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం):
మా ఇల్లు సముద్రానికి దగ్గర. డాబా మీద కుండీలలో కూరగాయలు పెంచుతున్నాను. చలికాలంలో బాగా కాసిన టమాటా మొక్కలకు ఏప్రిల్‌లో పూత వస్తోంది కాని, కాడతో సహా రాలిపోతోంది. కొత్తిమీర నాలుగు ఆకులు వేయగానే సన్నని కాడ సాగి తెల్లని పూలు పూస్తోంది. మిరప, వంగ ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండుతున్నాయి. ఇది ఉప్పుగాలి ప్రభావమా, లేక ఎరువు చాలడం లేదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మధురవాడ):
అమ్మా, మీరు చెప్పినవాటిలో మొదటి రెండింటికి కారణం వేడి. ఎరువు పెంచినందువల్ల ప్రయోజనం ఉండదు. టమాటా పిందె కట్టాలంటే రాత్రి చల్లబడాలి. మన విశాఖలో ఏప్రిల్, మే నెలల రాత్రులు 25 డిగ్రీల కిందికి దిగడం అరుదు కనుక పుప్పొడి సరిగా పనిచేయక, పూత నిలవదు. ఆ సమయంలో నత్రజని ఎరువు వేస్తే ఆకు పెరుగుతుందే తప్ప కాయ రాదు. ఆగస్టు చివర నారు పోసి సెప్టెంబరులో నాటుకుంటే డిసెంబరు నుంచి కాయలు కోసుకోవచ్చు. కొత్తిమీరకు కూడా అక్టోబరు నుంచి జనవరి వరకే అనువైన కాలం. వేసవిలో కావాలంటే ధనియాలను రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, 50 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ (నీడ వల) కింద ఒత్తుగా చల్లి, కాడ సాగకముందే వేళ్లతో సహా పీకి వాడుకోవాలి.

వేసవికి తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు ఉన్నాయి. రైతుబజారులో కొన్న బచ్చలి కట్టలోంచి ముదురు కాడలు తీసి, కణుపు మట్టిలోకి వెళ్లేలా గుచ్చితే చాలు. బెండకు తెల్లదోమ వల్ల ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు వస్తుంది కాబట్టి, దానిని తట్టుకునే అర్క అనామిక రకం విత్తనం తీసుకోండి.

జవాబు (గాజువాక):
ఆకు అంచులు ఎండడం మాత్రం ఉప్పు వల్లే అయి ఉండవచ్చు, కాని గాలి కంటే ముందు నీటిని అనుమానించండి. తీరానికి దగ్గరి బోరు నీటిలో ఉప్పు శాతం ఎక్కువగా ఉండవచ్చు. కుండీ అంచున, మట్టి పైపొరలో తెల్లని పొడి కనిపిస్తే అదే గుర్తు. కొద్దికొద్దిగా రోజూ పోసే నీరు ఆవిరై ఉప్పును అక్కడే వదిలేస్తుంది. వారానికొకసారి మున్సిపల్ నీటిని కుండీ అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేవరకు పోసి, ఆ నీటిని పళ్లెంలో నిలవనీయకండి. కొబ్బరి పొట్టును కూడా ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు నానబెట్టి పిండిన తర్వాతే మట్టిలో కలపాలి. కుండీలను నేరుగా సిమెంటు మీద పెట్టకుండా ఇటుకలపై నిలబెడితే వేర్లకు డాబా వేడి తగలదు.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నట్టే కుండీల అంచున తెల్లని పొర ఉంది. మరి వర్షాకాలంలో బీర, సొర పాదులకు డాబా మీద పందిరి వేయవచ్చా?

జవాబు (మధురవాడ):
వేయవచ్చు. జూన్‌లో విత్తితే ఆగస్టుకు కాయ వస్తుంది. అయితే పందిరిని విప్పదీసే వీలుగా తాళ్లతో కట్టుకోండి, పిట్టగోడ మీద ఒక్క కుండీని కూడా ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరాన్నే దాటింది. అక్టోబరు, నవంబరులలో తుపాను హెచ్చరిక వినగానే కుండీలను దించి మెట్లగదిలోకి చేర్చాలి.