ఏ డెస్క్‌టాప్‌లోనైనా నడిచే ఫైల్ షేరింగ్ క్లయింట్ (సర్వర్లోని ఫైళ్లు తెరిచే ప్రోగ్రాం) రాయాలి, సలహా ఇవ్వండి

నమస్కారం అండి. మాది విజయనగరం, చిన్న డీటీపీ షాపు. రెండు లినక్స్ మెషిన్లు, ఒకదాంట్లో గ్నోమ్ డెస్క్‌టాప్, ఇంకోదాంట్లో కేడీఈ డెస్క్‌టాప్. పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ సాంబా (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్) సర్వర్లో ఉంటాయి. ఆ ఫైళ్లు తెరవడానికి గ్నోమ్‌ది జీవీఎఫ్‌ఎస్ దారి, కేడీఈది కేఐఓ దారి. ఎవరి గోల వాళ్లదే! సీఐఎఫ్‌ఎస్ మౌంట్‌కేమో (సర్వర్ ఫోల్డర్‌ను నేరుగా సిస్టమ్‌కు తగిలించడం) మామూలుగా రూట్, అంటే అడ్మిన్, పాస్‌వర్డ్ కావాలి, అది కుర్రాళ్ల చేతికి ఇవ్వలేను.

అందుకే లిబ్‌ఎస్‌ఎంబీక్లయింట్‌ను (సాంబా సర్వర్‌తో మాట్లాడే లైబ్రరీ) ఫ్యూజ్‌తో (మామూలు యూజరే ఫోల్డర్ తగిలించుకునే పద్ధతి) కలిపి వెనకాల నడిచే డెమన్ ఒకటి, డీబస్ (ప్రోగ్రాంలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే దారి) మీద దాంతో మాట్లాడే చిన్న విండో విడిగా రాద్దామనుకుంటున్నా. విండో నాకు పెద్ద పని కాదు. అసలు టెన్షన్ వేరే: కరెంటు పోయి సర్వర్ ఆగితే, ఫ్యూజ్ జవాబు కోసం ఫైల్ మేనేజర్ బిగుసుకుపోకుండా టైమౌట్ (ఎంతసేపు ఆగాలనే గడువు) ఎక్కడ పెట్టాలి? డెమన్‌లోనే వెంటనే ఎర్రర్ తిప్పి పంపితే, సగం రాసిన ఫైలు ఏమవుతుంది? ఇలాంటిది చేసినవాళ్లు కాస్త చెప్పండి.