వెల్లింగ్టన్‌లో అద్దె గది: భూకంపం తర్వాత "వాడుకోవచ్చు" అని అతికించిన కాగితాన్ని నమ్మవచ్చా?

లక్ష్మి (గుంటూరు):
మా అబ్బాయి చదువుకోడానికి న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ వెళ్లాడు. ఎనిమిదంతస్తుల భవనంలో గది చూసుకున్నాడు. 2016 కైకౌరా భూకంపం తర్వాత ఇంజినీర్లు వచ్చి చూసి, వాడుకోవచ్చని కాగితం అతికించారని ఓనరు చెప్పాడట. అడ్వాన్సు కట్టమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

రవి (విజయవాడ):
7.8 తీవ్రతకి నిలబడిందంటే గట్టి భవనమేనండీ. కట్టేయండి.

శ్రీనివాస్ (ఆక్లాండ్):
లక్ష్మి గారూ, కాస్త ఆగండి. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని, 2016లో వెల్లింగ్టన్‌లో ఆ తనిఖీలకి తిరిగినవాణ్ణి. తొలి రోజుల్లో చూడాల్సిన భవనాలు బోలెడు. పిల్లర్లు ఒరిగాయా, గోడలు చీలాయా, పక్క భవనం దీనిమీద పడేలా ఉందా అని చూసి, కాగితం అతికించి ఇంకోదానికి వెళ్తాం. ఈ భూకంపానికి పైకి కనిపించే నష్టం ఎంత అన్నదే ఆ కాగితం చెబుతుంది. భవనాన్ని మొదట ఎలా కట్టారో, ఇంకోటి వస్తే ఏమవుతుందో చెప్పదు.

ఇక్కడి క్రైస్ట్‌చర్చ్ నగరంలో 2010 సెప్టెంబరు భూకంపం తర్వాత సీటీవీ అనే టీవీ ఛానెల్ భవనానికి, వాడుకోవచ్చని ఆకుపచ్చ కాగితం అతికించారు. 2011 ఫిబ్రవరి 22న 6.3 తీవ్రతతో మరోటి వచ్చింది. ఆరంతస్తులూ క్షణాల్లో కూలాయి. 115 మంది పోయారు. వాళ్లలో చాలామంది మీ అబ్బాయిలాగే పరాయి దేశం నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్లు. డిజైన్‌లోనే లోపాలున్నాయని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) తేల్చింది. ఆకుపచ్చ రంగు చూసి జనం ఇక ఢోకా లేదనుకుంటున్నారని తర్వాత ఆ కాగితాన్ని తెల్లరంగుకి మార్చారు.

రవి గారూ, ఆ 7.8 వెల్లింగ్టన్ కింద పుట్టింది కాదు, సముద్రానికి అవతల దక్షిణ దీవిలో మొదలైంది. అయినా వెల్లింగ్టన్‌లో 2005లో కట్టిన స్టాటిస్టిక్స్ హౌస్ అనే ఆఫీసు భవనంలో బీములు సాగి, వాటిమీద ఆనించిన ప్రీకాస్ట్ (వేరేచోట ముందే పోతపోసి తెచ్చిన) స్లాబు పలకలకి ఆసరా తప్పింది. కింది అంతస్తుల్లో కొంత స్లాబు ఊడిపడింది. భవనం మాత్రం నిలబడే ఉంది. అర్ధరాత్రి కాబట్టి మనుషులు బతికిపోయారు. ఇలాంటి పలకల్లో వచ్చిన పగుళ్లు ఫాల్స్ సీలింగు విప్పితే తప్ప కనపడవు.

లక్ష్మి:
గుండె ఆగినంత పనైంది బాబూ. మరి ఓనర్ని ఏమడగమంటారు?

శ్రీనివాస్:
కాగితం సంగతి వదిలేసి, ఆ తర్వాత వివరంగా ఇంజినీరింగ్ పరిశీలన చేయించాడా, రిపోర్టు ఉందా అని అడగమనండి. కొత్త భవనాల ప్రమాణంతో పోలిస్తే ఎంత శాతం ఉందో అందులో రాస్తారు. స్లాబు ప్రీకాస్ట్ పలకలదైతే సీలింగు విప్పి చూశారా అన్నది తప్పకుండా అడగాలి. రిపోర్టు చూపించకపోతే పైసా కట్టొద్దు, వేరే గది చూసుకోమనండి. దొరికితే ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.