క్రిస్మస్ సెలవుల్లో రెండు రాత్రులు పట్నంలో: ఎట్లా ప్లాన్ చేసుకోవాలి?

పానగల్లు_వాసి
అందరికీ నమస్తే. మాది నల్గొండ. ఈసారి డిసెంబర్ 25 శుక్రవారం వచ్చింది. 26 కూడా మన రాష్ట్రంలో సెలవే, ఆదివారంతో కలిపి మూడు రోజులు. మా ఇంట్లో అందరికీ ఒకేసారి సెలవు దొరకడమే పెద్ద విశేషం. హైదరాబాద్ మాకు కొత్తేమీ కాదు. కానీ ఎప్పుడు పోయినా ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో, సర్టిఫికెట్ పనికో. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరడమే. ఈసారి ఏ పనీ లేకుండా తిరగడానికే పోదామని.

పిల్లలు ఆరో తరగతి, తొమ్మిదో తరగతి. మా అత్తమ్మ కూడా వస్తానంటున్నారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. పిల్లలకు చార్మినార్, క్రిస్మస్ లైట్లు కావాలి. అత్తమ్మకు బిర్లా మందిర్, నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్). నాకు మూడు రోజులు వంట లేకపోతే చాలు. కారా, బస్సా? ఎక్కడ ఉండాలి? పోయివచ్చినవాళ్లు చెప్పండి.

చిట్యాల_చాయ్
అక్కా, ముందు ఒక్క మాట. డిసెంబర్‌లో నుమాయిష్ ఉండదు. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. అత్తమ్మకు ఇప్పుడే చెప్పేయండి, నాంపల్లి దాకా పోయాక చెబితే గొడవ.

వనస్థలిపురం_నల్గొండోడు
నేను పుట్టింది నకిరేకల్, ఉండేది వనస్థలిపురం. మా కాలనీలో సగం మంది మన జిల్లావాళ్లే. చలికాలం రాగానే ఊరి నుంచి వచ్చే చుట్టాలకు గైడు పని నాదే, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా.

కారు వద్దు. విజయవాడ హైవే మీద ఎల్బీ నగర్ దాకా బాగానే వస్తారు. అసలు తిప్పలు ఆ తర్వాత మొదలవుతాయి. పండుగ రోజుల్లో చార్మినార్ దగ్గర, అబిడ్స్‌లో పార్కింగ్ వెతకడానికే పూట గడిచిపోతుంది. బస్సులో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. ఆ ఎర్ర లైను మియాపూర్ దాకా పోతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎంజీబీఎస్ (పెద్ద బస్టాండ్), గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్ అన్నీ దాని మీదే. మీరు చూడాలనుకునేవి చాలావరకు ఈ ఒక్క లైను పక్కనే ఉన్నాయి. చార్మినార్‌కు మాత్రం మెట్రో లేదు, ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. ప్రతి స్టేషన్‌లో లిఫ్ట్ ఉంటుంది కాబట్టి అత్తమ్మకు ఇబ్బంది లేదు. టికెట్ వాట్సాప్‌లో కూడా తీసుకోవచ్చు, లైన్లో నిలబడే పని ఉండదు.

ఇంకొకటి. మీరు శుక్రవారం వస్తున్నారు. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం బంద్, చౌమహల్లా ప్యాలెస్ కూడా బంద్. పాతబస్తీ శనివారానికి పెట్టుకోండి. శుక్రవారం సికింద్రాబాద్ వైపు పోండి, అసలు క్రిస్మస్ అక్కడే ఉంటుంది.

దేవరకొండ_టీచర్
సికింద్రాబాద్ సంగతి నేను చెబుతాను మేడమ్. మేము ప్రతి క్రిస్మస్‌కూ పోతాం. ఎస్డీ రోడ్డులో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. 1850లో కట్టినది, 2008లో దానికి బాసిలికా హోదా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు, వచ్చింది. 24 అర్ధరాత్రి ఆరాధనకు జనం రోడ్డు దాకా ఉంటారు. పిల్లలతో, పెద్దావిడతో అయితే ఆ రాత్రి వద్దు, 25 సాయంత్రం పోండి. పశువుల పాక, నక్షత్రాలు, లైట్లు అన్నీ అట్లాగే ఉంటాయి, రద్దీ మాత్రం తక్కువ. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, అబిడ్స్‌లో సెయింట్ జార్జ్ చర్చి కూడా చూడదగ్గవి. మతం ఏదైనా ఎవరూ అడ్డు చెప్పరు. లోపల ప్రార్థన జరుగుతుంటే వెనక నిశ్శబ్దంగా నిలబడండి, ఫోన్ ఎత్తి వీడియోలు తీయకండి. అది నాకు నిజంగా చిరాకు తెప్పించే సంగతి.

మా దేవరకొండవాళ్లకు దారి వేరు. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డులో వస్తాం. తిరిగితిరిగి మేమూ చేరేది ఎల్బీ నగర్‌కే.

పాలమూరు_పోరడు
అన్నీ నల్గొండ దిక్కు ముచ్చట్లేనా? మాకూ చెప్పండి. మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా ఎంజీబీఎస్‌లో దిగుతారు. బస్టాండ్‌ను ఆనుకునే మెట్రో ఉంది. ఎర్ర లైను, సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్‌కు పోయే ఆకుపచ్చ లైను రెండూ అక్కడే కలుస్తాయి. రైలైతే కాచిగూడ. నన్నడిగితే రైలే హాయి, పొగమంచు ఉన్న పొద్దుల్లో హైవే మీద లారీల వెనక వణుక్కుంటూ రావడం కంటే.

తిండి గురించి ఎవరూ రాయలేదు. చలికాలంలో పాతబస్తీకి పోయి పొద్దున నహారీ తినకుండా రావడం ఏంది! తెల్లవారుజామునే కుండలో ఉడికిన మాంసం పులుసు, పక్కన కుల్చా. ఎనిమిది దాటితే దొరకడం కష్టం. శాకాహారులైతే గుల్జార్‌హౌజ్ దగ్గర బండి మీద దోశలు. తర్వాత చార్మినార్ పక్కనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మొజంజాహీ మార్కెట్‌లో చలికి కూడా ఐస్‌క్రీమ్ తినే జనం కనిపిస్తారు, పిల్లలను ఆపలేరు. ఆ మార్కెట్ 1935 నాటిది. రాతి గోడలకు లైట్లు వేసినప్పుడు చూడాలి.

మా తాత తరంలో పాలమూరు నుంచి పట్నం పోవడం అంటే కూలి పనికే. నేను పోయేది బిస్కెట్లు తినడానికి. మా నాయనకు ఇది ఇప్పటికీ వింతే.

మిర్యాలగూడ_రైలు
నల్గొండకు కూడా రైలుంది తమ్ముడూ, మరిచిపోవద్దు. బీబీనగర్ మీదుగా సికింద్రాబాద్ పోతుంది. క్రిస్మస్ వారంలో రిజర్వేషన్ లేకుండా ఎక్కితే మాత్రం నిలబడే పోవాలి.

బస్ గురించి: ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం, 2023 డిసెంబర్ నుంచి. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలో డబ్బు కట్టాల్సిందే. మెట్రోలో ఉచితం లేదు. పెద్దావిడకు ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకాలంటే నల్గొండ బస్టాండ్‌లోనే ఎక్కండి, మధ్యలో వద్దు.

జడ్చర్ల_జంక్షన్
రూము సంగతి ముందే చూసుకోండి. పోయిన ఏడాది లక్డీకాపూల్ దగ్గర ఒక లాడ్జిలో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాం. చిన్నబిడ్డను ఎత్తుకుని రాత్రి పదింటికి పోతే "సార్, మీ రేటుకు రూము లేదు, ఇంకో వెయ్యి ఇస్తే ఉంది" అన్నాడు కౌంటర్ దగ్గర మనిషి. ఆ వేళ ఎక్కడికి పోతాం? ఇచ్చాం. అప్పటి నుంచి బయల్దేరే ముందు రోజు లాడ్జికి నేరుగా ఫోన్ చేసి, రేటు వాట్సాప్‌లో రాయించుకుంటున్నా. మీరూ అట్లాగే చేయండి. లిఫ్ట్ ఉందా అని కూడా అప్పుడే అడగండి. "ఉంది" అంటారు, అది పనిచేస్తుందా అని రెండో ప్రశ్న వేయాలి.

వనస్థలిపురం_నల్గొండోడు
ఈ రెండో ప్రశ్న బాగుంది అన్నా 😀

ఎక్కడ ఉండాలంటే నాంపల్లి, లక్డీకాపూల్ మధ్య ఏదైనా సరే. హైటెక్ సిటీ వైపు మంచి హోటళ్లు ఉన్నాయని అటు పోవద్దు. మీరు చూసేవన్నీ ఇటు ఉంటే రోజూ రెండు పూటలూ ఊరు దాటి రావాలి. చుట్టాలుంటే దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం బాగానే ఉంటుంది. కానీ చుట్టాల ఇంట్లో దిగితే సగం సెలవు పలకరింపులకే పోతుంది. రోజూ చూస్తున్నా కాబట్టి చెబుతున్నా.

అచ్చంపేట_అడవి
అందరూ క్రిస్మస్, క్రిస్మస్ అంటున్నారు. నా మాట వింటే సంక్రాంతికి పోండి. పట్నం ఖాళీ అయ్యేది అప్పుడే. ఆ మూడు రోజులు రోడ్లు చూస్తే ఇది హైదరాబాదేనా అనిపిస్తుంది. నుమాయిష్ ఉంటుంది, పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండుగ ఉంటుంది, దానికి ఎంజీబీఎస్ నుంచి ఆకుపచ్చ లైను నేరుగా పోతుంది. మాది శ్రీశైలం రోడ్డు. కడ్తాల్, తుక్కుగూడ మీదుగా వస్తే ఎక్కడా ఆగే పని లేదు.

చిట్యాల_చాయ్
అన్నా, మీది శ్రీశైలం రోడ్డు కాబట్టి సులువుగా చెబుతున్నారు. మా హైవే మీద సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి టోల్ దగ్గర కార్లు ఎట్లా నిలబడతాయో టీవీలో చూసే ఉంటారు. ఆంధ్ర పోయే జనమంతా మా ముందు నుంచే పోతారు. రోడ్డు దాటి అవతలి హోటల్‌కు పోవాలన్నా మాకు భయమే.

అచ్చంపేట_అడవి
తమ్ముడూ, వాళ్లు పట్నం నుంచి బయటికి వస్తారు, మీరు పట్నంలోకి పోతారు. జామ్ అవతలి వైపు ఉంటుంది. భోగి నాడు పోయి కనుమ నాడు తిరిగి వచ్చేయండి. పండుగ అయ్యాక వాళ్లు వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఆ రోడ్డు ఎక్కవద్దు.

దేవరకొండ_టీచర్
లెక్క సరిగ్గానే ఉంది సార్. కానీ సంక్రాంతికి ఇల్లు వదిలి పోతానంటే మా అమ్మ గడప దాటనివ్వదు. సకినాలు ఎవరు చుట్టాలి? పైగా ఆ మూడు రోజులు పట్నంలో మెస్సులు, కర్రీ పాయింట్లు చాలావరకు మూసేస్తారు, పనివాళ్లంతా ఊళ్లకు పోతారు. పాతబస్తీ ఒక్కటే తెరిచి ఉంటుంది.

పాలమూరు_పోరడు
పాతబస్తీ తెరిచి ఉంటే ఇంకేం కావాలి మేడమ్!

డిసెంబర్ 31కి పోదామనుకునేవాళ్లకు కూడా ఒక మాట. ఆ రాత్రి ఫ్లైఓవర్లు చాలావరకు మూసేస్తారు, ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు వైపు బండ్లను వదలరు, ప్రతి చౌరస్తాలో డ్రంక్ డ్రైవ్ చెకింగ్. దోస్తులతో అయితే సరే. ఫ్యామిలీతో ఆ రోజు అనవసరం.

పానగల్లు_వాసి
చాలా థ్యాంక్స్ అందరికీ. సంక్రాంతి మాట మా ఇంట్లో ఎత్తలేను, టీచర్ గారు చెప్పిన కారణమే. క్రిస్మస్‌కే పోతాం. రామోజీ ఫిలిం సిటీ మా దారిలోనే కదా, ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు దిగితే ఎట్లా ఉంటుంది?

వనస్థలిపురం_నల్గొండోడు
వద్దక్కా. దానికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక రోజంతా కావాలి, టికెట్ కూడా ఎక్కువ. సగం పూటకు అంత డబ్బు దండగ. ఇంకోసారి దానికోసమే రండి, మీకు పట్నంలోకి రావాల్సిన పని కూడా లేదు.

నేనైతే ఇట్లా చేస్తా. శుక్రవారం మధ్యాహ్నానికి రూములో దిగి, సాయంత్రం సికింద్రాబాద్ చర్చిలు. శనివారం పొద్దున్నే సాలార్‌జంగ్. అక్కడి సంగీత గడియారం దగ్గరికి పన్నెండు గంటలకు ముందే చేరుకోండి. గంటగంటకూ లోపలి నుంచి ఒక చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టిపోతుంది, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు. పిల్లలు లెక్కపెడతారు. అత్తమ్మ అక్కడ బెంచీ మీద కూర్చోవచ్చు. మధ్యాహ్నం మీద చార్మినార్, లాడ్‌బజార్. మీనార్ పైకి పిల్లలను మీ ఆయనతో పంపండి, మెట్లు ఇరుకు. అత్తమ్మ, మీరు గాజుల బేరం చూసుకోండి. ఆదివారం పొద్దున బిర్లా మందిర్. గుట్ట మీద ఉంటుంది, ఆటో పై దాకా పోతుంది కానీ అక్కడి నుంచి కొన్ని మెట్లు తప్పవు. ఫోన్లు లోపలికి రానివ్వరు. తర్వాత హుస్సేన్‌సాగర్‌లో బోటెక్కి బుద్ధుడి దగ్గరికి.

మిర్యాలగూడ_రైలు
ఆ బుద్ధుడు మన జిల్లావాడని పిల్లలకు చెప్పండి! భువనగిరి దగ్గర రాయిగిరి రాయి అది. అప్పుడు అదంతా నల్గొండ జిల్లానే. 1990లో చెరువు మధ్యకు తీసుకుపోతుంటే పడవ మునిగి మనుషులు చనిపోయారు, విగ్రహం నీళ్లలో పడింది. రెండేళ్ల తర్వాత, 1992 డిసెంబర్‌లో పైకి తీసి నిలబెట్టారు.

ఇంకా, తొమ్మిదో తరగతి పిల్లకు చదివే అలవాటుంటే బుక్ ఫెయిర్ చూడండి. డిసెంబర్ చివర్లో ఎన్టీఆర్ స్టేడియంలో పెడుతున్నారు, తేదీలు పేపర్‌లో వస్తాయి. నాకు ట్యాంక్‌బండ్ కంటే అదే ఇష్టం.

పానగల్లు_వాసి
పిల్ల కాదండీ, బాబు. పుస్తకాలంటే పారిపోతాడు. నేను పోతా, వాళ్లను బోటెక్కించి 😀

ఒక కొత్త ముచ్చట. మీ మాటలన్నీ మా అత్తమ్మకు చదివి వినిపించా. నుమాయిష్ లేదనగానే ఆమె డిసెంబర్ ప్రయాణం మానుకున్నారు. "మీరు పోయి చర్చిలు చూసుకోండి, నేను జనవరిలో మా వాడకట్టు వాళ్లతో ఎక్స్‌ప్రెస్‌లో పోతా, టికెట్ కూడా లేదు" అన్నారు. నలుగురు అప్పుడే తయారయ్యారట. అందరూ అరవై దాటినవాళ్లే. మెట్రో ఒక్కరూ ఎక్కలేదు. నాకు టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ_టీచర్
టెన్షన్ పడకండి. నుమాయిష్‌లో మహిళల కోసం లేడీస్ డే అని ఒక రోజు పెడతారు, తేదీ చూసి ఆ రోజు పంపండి. ఆ టికెట్ల డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది. మా పిన్ని చదివిన వనితా మహావిద్యాలయ కూడా వాళ్లదే. ఆమె ఇప్పటికీ "మా కాలేజీకి పోయొస్తా" అంటూ ఏటా పోయి బెడ్‌షీట్లు కొనుక్కొస్తుంది.

వనస్థలిపురం_నల్గొండోడు
గేట్లు సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు, పొద్దున్నే బయల్దేరనివ్వకండి. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి గాంధీభవన్‌లో దిగమనండి, మధ్యలో మారే పని లేదు. అయితే నాలుగింటికి లోపలికి పోయినవాళ్లు తొమ్మిదింటి దాకా బయటికి రారు, నల్గొండ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ రాత్రికి మా ఇంట్లో పడుకోమనండి. మా అమ్మకూ నుమాయిష్ పిచ్చే, ఆమే తీసుకుపోతుంది. నంబర్ మెసేజ్ చేస్తా.