హయత్‌నగర్ మెట్రో: అప్పు సంగతేంటి, చెట్ల సంగతేంటి?

ప్రశ్న:
రోజూ హయత్‌నగర్‌లో బస్సెక్కి ఎల్బీనగర్‌లో మెట్రో అందుకుంటా. మా బస్టాపు పక్కన ముసలి కానుగ చెట్టుంది. దాని నీడలోనే పూలమ్మే అవ్వ బుట్ట దించుకుని పూల మీద తడిగుడ్డ కప్పుతుంది. ఎల్బీనగర్ నుంచి ఇక్కడిదాకా 7.1 కిలోమీటర్ల మెట్రో లైను రావాలని నాకూ ఉంది, కానీ ఆ చెట్టు మిగులుతుందా? హైదరాబాద్ మెట్రో రెండో దశ ‘ఎ’ భాగంలో ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లంటున్నారు. పిల్లర్లు లేకుండా ట్రామ్ వేస్తే చవక కాదా?

జవాబు:
అన్నా, ఆ ప్రతిపాదనలో రాష్ట్రం వాటా 30 శాతం, కేంద్రానిది 18, ప్రైవేటు భాగస్వామ్యం 4. మిగతా 48 శాతం అప్పే! ఒక్క టికెట్ డబ్బుల మీద ఆధారపడితే వడ్డీకే చాలకపోవచ్చు. స్టేషన్ల చుట్టూ స్థలాల మీద ఆదాయం రావాల్సిందే.

జవాబు:
ట్రామ్ పట్టాలు రోడ్డు మీదే కాబట్టి సిమెంటు, ఉక్కు చాలా తగ్గుతాయి. సిమెంటు తయారీలో వచ్చే కార్బన్ అంతా ఇంతా కాదు. బ్రేకు వేస్తే పుట్టే కరెంటు తిరిగి లైనులోకి పంపే ఏర్పాటు మెట్రోలోనూ, కొత్త ట్రాముల్లోనూ ఉంది. కానీ విడిగా దారి ఇవ్వకపోతే ట్రామ్ ఆటోల మధ్య ఇరుక్కుంటుంది. విజయవాడ హైవే మీద ఆ దారి ఎవరిస్తారు? నా ఓటు మెట్రోకే.

జవాబు:
చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి తమ్ముడూ. ముందే చెట్ల లెక్క రాసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
సరే అక్కా. ఆదివారం టేపు పట్టుకుని మానుల చుట్టుకొలత రాస్తా. ఎవరైనా తోడొస్తారా?