డెస్క్‌టాప్ స్పీకర్లు: ఊఫర్ కావాలా, వద్దా?

కొత్తబల్ల | శనివారం, ఉదయం 9.40

కంప్యూటర్‌తోపాటు వచ్చిన చిన్న స్పీకర్లకు పదేళ్లు నిండాయి. ఒకటి గరగరమంటోంది, రెండోది మాటలు మింగేస్తోంది. ఈసారి మంచివి కొనాలని ఉంది. 15,000 రూపాయల దాకా పెట్టగలను. గది పది అడుగులకు పదకొండు. బల్ల మూడున్నర అడుగులు, గోడకు ఆనించి ఉంటుంది, మధ్యలో 27 అంగుళాల మానిటర్. పగలు ఆఫీసు పని, రాత్రి పాటలు, ఆదివారం ఒక సినిమా. పాటలంటే ఘంటసాల మొదలు నిన్న విడుదలైన వాటి దాకా. రెండు స్పీకర్లు సరిపోతాయా, ఊఫర్ ఉన్న సెట్టు (బేస్, అంటే కింది స్వరాల కోసం నేల మీద పెట్టే వేరే పెట్టెతో వచ్చేది) కావాలా? దుకాణంలో 200 వాట్లదంటూ ఒకటి వినిపించారు. గట్టిగానే మోగింది. అక్కడ అన్నీ గట్టిగానే మోగుతున్నాయి.

గూటిరేడియో | 10.05

ఊఫర్ ఉన్నదే తీసుకోండి. సినిమా చూస్తానంటున్నారు, కొత్త పాటలు వింటానంటున్నారు. నాలుగంగుళాల స్పీకరు డప్పు దెబ్బను ఎక్కడినుంచి తెస్తుంది? రెండు పెట్టెల వాళ్లు వచ్చి గ్రాఫులు పెట్టకముందే చెబుతున్నాను: పాట వినేది చెవులతో.

సమరేఖ | 10.50

వచ్చాను. గ్రాఫు పెట్టను, లెక్క చెబుతాను.

కొత్తబల్ల గారూ, మీరు కూర్చునేది స్పీకరుకు రెండడుగుల దూరంలో. ఒక్క వాటుకు మీటరు దూరంలో 85 డెసిబెల్‌ల శబ్దం చేసే మామూలు స్పీకరు అర మీటరు దగ్గర 91 చేస్తుంది. దూరం సగమైతే ఆరు డెసిబెల్‌లు పెరుగుతాయి. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్‌లు దాటకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మీ బల్ల దగ్గర ఒక్క వాటే ఎక్కువ. 200 వాట్లతో ఏమి చేస్తారు, పెళ్లి ఊరేగింపా?

ఊఫర్ సెట్లలో అసలు చిక్కు వేరే ఉంది. వాటితో ఇచ్చే బుల్లి స్పీకర్లు రెండు మూడు అంగుళాలవి. చాలావాటికి 150, 200 హెర్ట్జ్ కిందికి దిగే శక్తి ఉండదు (హెర్ట్జ్ అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది). అందుకని ఆ కింది స్వరాలన్నిటినీ నేల మీది పెట్టెకు తోలేస్తారు. మగ గొంతు మూలస్వరం చాలాసేపు తిరిగేది 100, 200ల మధ్యనే. ఘంటసాల గొంతులో పై సగం బల్ల మీద, కింది సగం మీ మోకాళ్ల దగ్గర పాడుతుంది. 80 హెర్ట్జ్ లోపు శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు, నిజమే. 150 దగ్గర పట్టేస్తుంది.

నేల పెట్టె లేకుండా, కింది స్వరాలకు మూడున్నర, నాలుగంగుళాల కోను, పై స్వరాలకు విడిగా చిన్న ట్వీటర్ లోపలే ఉన్న రెండు పెట్టెలు చూడండి. ఎడిఫయర్ ఆర్1280టీ, ప్రిసోనస్ ఎరిస్ 3.5 లాంటివి. ట్వీటర్లు చెవి ఎత్తుకు రావాలి, రెండు స్పీకర్లూ మీ తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. బల్లను గోడ నుంచి ముందుకు లాగండి. ఏది కొన్నా ఈ పని చేయకపోతే డబ్బు దండగ.

గూటిరేడియో | 11.10

ఆయన చెప్పిన ఎడిఫయర్ 42 వాట్లు. ఊఫర్ ఉన్న లాజిటెక్ జెడ్623 సెట్టు 200 వాట్లు, పైగా సినిమా శబ్దానికి ఇచ్చే టీహెచ్‌ఎక్స్ నాణ్యత ముద్ర. ఏది పెద్దదో ఒకటో తరగతి పిల్లవాడు చెబుతాడు.

సమరేఖ | 11.25

వాట్లు బియ్యం బస్తాలు కావు. పది వాట్లను ఇరవై చేస్తే పెరిగేది మూడు డెసిబెల్‌లు. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు పోయాలి. 42కూ 200కూ మధ్య ఉన్నది ఏడు డెసిబెల్‌లు, అంతే.

పాతసరుకు | 11.40

వాట్ల మాట వచ్చింది గనుక. ఒకప్పుడు అరచేతిలో పట్టే స్పీకర్ల మీద "1000 వాట్లు పీఎంపీఓ" అని మెరుపు స్టిక్కరు ఉండేది. కోఠీ గుజరాతీ గల్లీలో అలాంటి జత కొని, ఇంటికి వచ్చాక అడాప్టరు తిప్పి చూశాను. 9 వోల్టులు, 1 ఆంపియర్. తొమ్మిది వాట్లు లోపలికి వెళ్లి వెయ్యి వాట్లుగా బయటికి వస్తున్నాయి! రాష్ట్రమంతటికీ కరెంటు కోత ఎందుకు ఉండేదో అప్పటికీ అర్థం కాలేదు. పీఎంపీఓ అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే అంకె, దానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె చూడండి.

గూటిరేడియో | 11.48

నేను చెప్పిన 200 ఆర్‌ఎంఎస్సే. ఇక్కడ ఎవరూ చదవరా?

సమరేఖ | 11.52

చదివాను. ఆర్‌ఎంఎస్ అయినా ఏడు డెసిబెల్‌లే.

తీగలమేస్త్రి | మధ్యాహ్నం 12.30

ఎవరూ అడగని ప్రశ్న: గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందా? కంప్యూటర్ ఒక సాకెట్‌కు, స్పీకర్లు ఇంకో సాకెట్‌కు పెడితే రెండు ఎర్త్‌లూ ఆడియో తీగ మీదుగా కలిసి ఉచ్చు పడుతుంది. ఆపకుండా "మ్మ్మ్" అని మోగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ మోత 50, 100 దగ్గర ఉంటుంది. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఇంకొకటి: ఇంట్లో ఉన్నది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కరెంటు పోయినప్పుడు లక్ష రూపాయల స్పీకరులోనైనా తుమ్మెద దూరుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఆ బాధ తక్కువ.

మూడోఅంతస్తు | 12.55

మా పై ఇంటి అబ్బాయికి ఊఫర్ ఉంది. ఏ పాట వింటాడో నాకు తెలియదు గానీ, దాని తాళం మా వంటింటి గిన్నెలకు నోటికి వచ్చేసింది. ఆ పెట్టెను నేల మీద పెడతారు కదా, ఆయన నేల మాకు కప్పు. రెండుసార్లు చెప్పాను. "మీకు వినిపిస్తోందా ఆంటీ, వాల్యూమ్ పదే పెట్టానే" అంటాడు. అబద్ధం కాదు, ఆ గదిలో అది తక్కువే కావచ్చు. కొత్తబల్ల గారూ, మీ కింద ఎవరుంటారు?

కొత్తబల్ల | 1.20

మా కింద ఇంటి యజమాని ఉంటారు.

మూడోఅంతస్తు | 1.22

అయితే చర్చ అయిపోయింది.

గూటిరేడియో | 1.40

ఎక్కడ అయిపోయింది? ఊఫర్‌కు విడిగా ఒక బటన్ ఉంటుంది, తగ్గించుకోవచ్చు. లేని బేస్‌ను మాత్రం పెంచుకోలేరు. నేను కూడా అద్దె ఇంట్లోనే ఉంటాను.

బావమరిది | 2.15

ఒక మాట చెప్పి వెళ్తాను. స్పీకర్లు అమెరికా నుంచి చవకగా వస్తాయని ఎవరినీ తెమ్మనకండి. మా బావగారు డాలస్ నుంచి సూట్‌కేసులో సగం చోటు ఇచ్చి మరీ తెచ్చారు. వెనక 120 వోల్టులని రాసి ఉంది, ఎవరూ చూడలేదు. 230కి పెట్టగానే ఒక్క "టప్". ఆ పండక్కి బావగారు మాట్లాడలేదు. 100 నుంచి 240 అని రాసి ఉంటేనే పెట్టండి.

సమరేఖ | 3.05

మళ్లీ అసలు విషయానికి వస్తాను. 1994లో స్పీకర్లు తయారుచేసే హర్మన్ సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒక పరీక్ష చేశారు. అవే స్పీకర్లను ఒకసారి కనిపించేలా పెట్టి, ఒకసారి తెర వెనక పెట్టి వినిపించారు. కళ్లకు కనిపించినప్పుడు మార్కులు మారిపోయాయి. విన్నవాళ్లు ఆ సంస్థ ఉద్యోగులే, అయినా మారాయి. దుకాణంలో పెద్ద పెట్టె చూసి బేస్ బాగుందనుకోవడం ఇలాంటిదే. చెవికి శిక్షణ లేనప్పుడు బూమ్‌కూ బేస్‌కూ తేడా తెలియదు. అది ఎవరి తప్పూ కాదు.

గూటిరేడియో | 3.30

ఆ పరీక్ష నేనూ చదివాను. కళ్లకు కనిపించగానే మార్కులు పోగొట్టుకున్నది ఏది? చవకైన బుల్లి స్పీకర్లు, ఊఫర్ ఉన్న సెట్టు! తెర వెనక ఉన్నంతసేపు అది పెద్దవాటి పక్కన బాగానే నిలబడింది. అంటే కళ్లతో వింటున్నది ఎవరు? ఊఫర్ సెట్టు అనగానే ముఖం చిట్లించేది ఎవరు?

ఇక శిక్షణ సంగతి. ఎవరి తప్పూ కాదంటూనే నా చెవులకు చదువు లేదన్నారు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. రెండేళ్ల క్రితం ఇక్కడే మీ మాట విని స్టూడియో మానిటర్లు, అంటే రికార్డింగు గదుల్లో వాడే స్పీకర్లు, కొన్నాను. అయిదంగుళాల జత. నెల జీతంలో సగం. కంప్యూటర్ వెనక ఉన్న సన్న పిన్ను వాటికి పట్టదని కూడా మీరు చెప్పలేదు, లావు పిన్ను తీగ కోసం రెండు ఊళ్లు తిరిగాను. త్రిభుజం పెట్టాను. ట్వీటరు చెవి ఎత్తుకు రావాలన్నారని కింద మా అబ్బాయి ఇంజనీరింగ్ పుస్తకాలు పేర్చాను. అన్నీ చేసి, మా అమ్మ పొద్దున్నే పొయ్యి ముట్టిస్తూ పాడుకునే పాట పెట్టాను. సూదులు గుచ్చినట్టు బుస్సుమని హోరు. వయొలిన్లు గోళ్లతో పలక గీకినట్టున్నాయి. ఆ పాటను నేను అలా ఎన్నడూ వినలేదు. మూడు నెలలు ఓర్చుకుని సగం ధరకు అమ్మేశాను.

పాతసరుకు | 3.36

మీ పేరులోని గూటి రేడియో నిజంగా ఉండేదా?

గూటిరేడియో | 3.45

ఉండేది. వాల్వుల రేడియో, చెక్క పెట్టె, వంటింటి గూట్లో. విజయవాడ కేంద్రం. వేడెక్కడానికి నిమిషం పట్టేది, ఆ తర్వాత గొంతు వెచ్చగా వచ్చేది.

సమరేఖ | 4.20

తీగ గురించి చెప్పకపోవడం నా తప్పే. మిగతాది కాదు.

ఆ హోరు స్పీకరుది కాదు, పాటలోదే. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం తొమ్మిది కిలోహెర్ట్జ్, అంటే రేడియోలో నాలుగున్నర వేల హెర్ట్జ్ పైన దాదాపు ఏమీ మిగలదు. హోరు, గీకుడు చాలావరకు ఆ పైనే ఉంటాయి గనుక మీ అమ్మగారి రేడియో వాటిని లోపలికి రానివ్వలేదు. దానికి తోడు మీరు పెట్టిన ఫైలు ఏదో అరిగిన రికార్డు నుంచి ఎక్కించి, రెండుసార్లు కుదించినది అయి ఉంటుంది. మానిటర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాని పని అదే.

గూటిరేడియో | 4.31

ఉన్నది ఉన్నట్టు నాకు ఎందుకండీ? నేనేమైనా దాన్ని మరమ్మతు చేస్తున్నానా?

సమరేఖ | 5.10

ఎందుకో చెబుతాను. ఇంతకుముందు ఇక్కడ చెప్పలేదు. పదకొండేళ్లు పాటలు రికార్డు చేసే గదిలో పనిచేశాను. వీణ మీద వేలు జారే చప్పుడు ఎంత వినిపించాలి, ఎంత వినిపించకూడదు అని మైకును జానెడు అటు, జానెడు ఇటు జరుపుతూ పూటంతా గడిపిన రోజులున్నాయి. వీణ వాయించే పెద్దాయన విసుక్కోకుండా కూర్చునేవారు. ఆ పాట తర్వాత ఒక హోటల్లో విన్నాను. ఊఫర్ పెట్టె మూలకు తోసి ఉంది. వీణే లేదు. కింద ఏదో దొర్లుతోంది. భోజనం సగంలో లేచి వచ్చాను. మీరు "ఉన్నది ఉన్నట్టు నాకు ఎందుకు" అన్నప్పుడల్లా నాకు ఆ హోటలే గుర్తొస్తుంది.

గూటిరేడియో | 5.40

ఇది ముందే చెప్పి ఉంటే ఇన్ని డెసిబెల్‌ల గొడవ ఉండేది కాదు.

కానీ ఒక మాట. మైకు జరిపింది మీరు, ఇంటికి తెచ్చుకున్నది నేను. మా అమ్మ ఆ పాటలో సగం మాటలు తప్పు పాడేది. ఆ తప్పులతోనే నాకు వచ్చు. ఇప్పుడు కవిగారు వచ్చి దిద్దుతానంటే వద్దంటాను.

సమరేఖ | 5.52

మాటలు తప్పు పాడుకోవడం వేరు, రికార్డును చెరపడం వేరు.

గూటిరేడియో | 5.55

ట్రెబుల్, అంటే పై స్వరాలు, తగ్గిస్తే చెరిపినట్టా?

తీగలమేస్త్రి | 6.30

ఎర్త్ ఉందో లేదో ఇంకా చెప్పలేదు.

పాతసరుకు | 6.42

ఆ ఎడిఫయర్‌కు పక్కన బేస్‌కు ఒకటి, ట్రెబుల్‌కు ఒకటి బటన్లు ఉన్నాయి. అందరూ పొద్దుటినుంచీ దేని గురించి పోట్లాడుకుంటున్నారో అది 42 వాట్ల పెట్టె పక్కనే ఉంది.

సమరేఖ | 6.50

ఆ బటన్లు ఉన్నాయని తెలిసే చెప్పాను. మధ్యలో ఉంచి వాడమని చెప్పడం మరిచాను.

గూటిరేడియో | 6.51

చూశారా!

కొత్తబల్ల | ఆదివారం, ఉదయం 8.15

ఎర్త్ ఉంది. ఇన్వర్టర్ సైన్ వేవ్ అని దాని మీదే రాసి ఉంది.

నిన్న రాత్రి ఒక మిత్రుడి దగ్గర నాలుగంగుళాల జత అరువు తెచ్చాను. బల్ల మీద సరిగ్గా పట్టాయి, కాఫీ గ్లాసుకే చోటు పోయింది. ముందు బల్లను గోడకు ఉంచే విన్నాను. కొత్త పాటల్లో బేస్ బొంగురుగా, ఒకే స్వరం మీద గుద్దినట్టు ఉంది. తర్వాత ముందుకు లాగాను. అదే పాటలో కింద రెండు మూడు రకాల చప్పుళ్లు విడివిడిగా తెలిశాయి. అంతకుముందు అవి ఉన్నాయనే తెలియదు. ఘంటసాల పాటకు మాత్రం ట్రెబుల్ తగ్గించాను, సమరేఖ గారు క్షమించాలి. సినిమాలో బాంబు పేలితే పేలినట్టు లేదు, తలుపు వేసినట్టు ఉంది. అది గూటిరేడియో గారు అన్నట్టే అయింది.

ఇంకా ఏదీ కొనలేదు. ఊఫర్ సెట్టు కూడా ఒకరోజు తెచ్చి వింటాను. యజమాని వచ్చే వారం ఊరికి వెళ్తున్నారు.

గూటిరేడియో | 8.22

మంచి వారం ఎంచుకున్నారు.

సమరేఖ | 8.24

బల్ల ఎంత ముందుకు లాగారు?

కొత్తబల్ల | 8.30

ఒక జానెడు.

సమరేఖ | 8.31

సెంటీమీటర్లలో చెప్పగలరా?